తొమ్మిది శాతం చెయ్యి

కాలిన గాయాల వార్డులో ప్రతి కేసు షీటు మీదా ఒక బొమ్మ ఉంటుంది. ముందు నుంచి ఒకటి, వెనక నుంచి ఒకటి, కళ్లూ ముక్కూ లేని మనిషి ఆకారాలు. డ్యూటీలో ఉన్న డాక్టరు కాలిన చోటల్లా పెన్నుతో గీతలు నింపి పక్కన శాతం వేస్తాడు. 1951లో వాలెస్ అనే సర్జన్ ప్రచారంలోకి తెచ్చిన తొమ్మిదుల సూత్రమే దీనికి ఆధారం. తలకు 9, ఒక్కో చేతికి 9, ఒక్కో కాలికి 18, ఛాతీ పొట్ట కలిపి 18, వీపుకి 18, మర్మాంగాలకు మిగిలిన 1. భుజం దిగువ నుంచి వేళ్ల కొసల దాకా చెయ్యి మొత్తం ఒలిచినట్టు కాలిపోయినా ఆ కాగితం మీద పడేది తొమ్మిదే. పెద్దవాళ్లలో 15, 20 శాతం దాటితే గానీ సెలైన్ లెక్కలు కట్టి ఎక్కించే అవసరం సాధారణంగా రాదు. అందుకే తొమ్మిది అని వినగానే బయట వరండాలో కూర్చున్నవాళ్లు కాస్త ఊపిరి తీసుకుంటారు.

మంటకో మరిగే నీళ్లకో కాలినప్పుడు ఈ లెక్క చాలావరకు దారి చూపిస్తుంది. యాసిడ్, కాస్టిక్ సోడా, అమ్మోనియా లాంటివి భుజం మీదా చేతి మీదా పడ్డప్పుడు మాత్రం ఇది మనల్ని తప్పుదారి పట్టిస్తుంది. మంట ఆరిపోతుంది, రసాయనం ఆరదు. చర్మంలో మిగిలినంతసేపూ లోపలికి తొలుచుకుంటూనే ఉంటుంది కాబట్టి మొదటి గంటలో వేసిన అంకె సాయంత్రానికే పాతబడొచ్చు. పైగా చేతి విలువ దాని వైశాల్యంలో లేదు, అది ఎంతవరకు లేస్తుందన్న దానిలో ఉంది. అమెరికా కాలిన గాయాల సంఘం ఎంత చిన్న రసాయన గాయాన్నయినా ప్రత్యేక బర్న్స్ కేంద్రం దృష్టికి తీసుకెళ్లమనడం వెనక కారణం ఇదే.

ఇన్ని గాయాలు భుజం మీదా చేతి మీదా ఎందుకు పడతాయి? ఒకరి మీద యాసిడ్ పోసేవాడి గురి ముఖం. పోయించుకునే మనిషి ఆలోచించే లోపే మెడ తిరుగుతుంది, చెయ్యి అడ్డం లేస్తుంది. ముఖానికి రావాల్సిందాంట్లో చాలా భాగం ముంజేయి తీసుకుంటుంది. మిగిలింది చెవి కింద నుంచి మెడ మీదుగా భుజానికీ, అక్కణ్నుంచి చంకలోకీ జారుతుంది. ఫ్యాక్టరీలోనూ దాదాపు ఇదే కథ. తల ఎత్తులో ఉన్న పైపు ఫ్లాంజి దగ్గర గ్యాస్కెట్ తెగితే మొదట తడిసేది భుజమే. క్యాన్ వంచి పోసేటప్పుడు చిందితే తడిసేది మోచేతి కింది భాగం. ఆ మీదట బట్ట. చొక్కా భుజం, జాకెట్టు చెయ్యి ద్రవాన్ని పీల్చి ఒంటికి పట్టీలా అదిమి పెడతాయి. చేతికున్న గాజులు, వాచీ, జబ్బకు కట్టిన తాయెత్తు కిందా అది నిలుస్తుంది. చెయ్యి వాచాక అవి తీయడం కష్టం, అప్పటికి అవి చేతిని బిగించే కట్లవుతాయి.

యాసిడ్ అంటే జనం భయపడతారు, క్షారం అంటే పట్టించుకోరు. వైద్యుల భయం దీనికి తలకిందులు. ఆమ్లం తగిలితే చర్మంలోని మాంసకృత్తులు ఉడికిన గుడ్డులా గడ్డకట్టి గట్టి పెచ్చు కడతాయి, ఆ పెచ్చే ఆమ్లాన్ని కొంతవరకు ముందుకు పోనివ్వదు. నైట్రిక్ యాసిడ్ పెచ్చు పసుపు పచ్చగా ఉంటుంది. కంసాలి దుకాణాల్లో పనిచేసినవాళ్ల వేళ్ల మీద ఆ రంగు మామూలే. సల్ఫ్యూరిక్ పెచ్చు నల్లబడుతుంది. క్షారం గడ్డకట్టించదు, కరిగిస్తుంది. చర్మం కింది కొవ్వును సబ్బుగా మారుస్తూ దారి చేసుకుని పోతుంది. కాస్టిక్ సోడా నీళ్లు చేతికి తగిలితే జారుడుగా అనిపించేది అందుకే. ఆ జారుడు మన ఒంటి కొవ్వు సబ్బవుతున్న జాడ. తడి సిమెంటుదీ ఇదే గుణం. దాని పీహెచ్ 12 దాటుతుంది. తాపీ పని చేసే మనిషి పొద్దున మోచేతి దాకా పూసుకుపోయిన సిమెంటుకి సాయంత్రం ఇంటికెళ్లాక గానీ మంట తెలియదు, అప్పటికి చర్మం మందం చాలావరకు పోయుంటుంది.

నొప్పిని నమ్మలేని రసాయనాలు కూడా ఉన్నాయి. ఫినాల్ తగిలిన చోట నరాలు మొద్దుబారతాయి, చర్మం తెల్లగా మారి ఊరుకుంటుంది. నొప్పి లేదు కదా అని ఊరుకుంటే అది రక్తంలో కలిసి గుండెనూ మూత్రపిండాలనూ దెబ్బతీస్తుంది. దాన్ని పాలిథిలిన్ గ్లైకాల్‌తో తుడుస్తారు, అది లేకపోతే నీళ్లే. ఆ నీళ్లు కూడా ధారగా, విపరీతంగా పోయాలి. కొద్ది నీళ్లతో తుడిస్తే ఫినాల్ పలచబడి మరింత చోటికి పాకుతుంది. అన్నిటికంటే టక్కరిది హైడ్రోఫ్లోరిక్ యాసిడ్. గాజు మీద నగిషీకి, స్టీలు శుభ్రం చేయడానికి, తుప్పు మరకలు తీయడానికి వాడతారు. 20 శాతం కంటే పలచనిదైతే నొప్పి మొదలవడానికి ఒక్కోసారి రోజంతా పడుతుంది. లోపలికి దిగిన ఫ్లోరైడు ఎముకల్లోనూ రక్తంలోనూ ఉన్న కాల్షియాన్ని పట్టేసుకుంటుంది. కాల్షియం పడిపోతే గుండె లయ తప్పుతుంది. చిక్కటి ద్రావణం ఒంటి మీద కొద్ది మేర పడి మనిషి ప్రాణం తీసిన సందర్భాలు వైద్య సాహిత్యంలో ఉన్నాయి. విరుగుడు చవకైనదే: 2.5 శాతం కాల్షియం గ్లూకోనేట్ జెల్. ఈ యాసిడ్ వాడే ప్రతి చోటా ఆ ట్యూబు చేతికందే ఎత్తులో ఉండాలి. తొమ్మిది శాతం చార్టు ఇక్కడ పూర్తిగా చేతులెత్తేస్తుంది.

నీళ్ల గురించి కాస్త నిదానంగా మాట్లాడుకోవాలి. ఎందుకంటే మన దగ్గర కాలిన చోట నీళ్లు పోస్తే బొబ్బలెక్కుతాయన్న నమ్మకం ఇంకా పోలేదు. నీళ్లకు బదులు ఇంకు, పేడ, తడిపిన పిండి, పసుపు, ఈ మధ్య టూత్‌పేస్టు పూస్తున్నారు. ఇవి రసాయనాన్ని చర్మం మీద పట్టి ఉంచుతాయి, కింద ఏం జరిగిందో డాక్టరుకి కనపడనివ్వవు. రసాయన గాయం చివరికి ఎంత లోతుకు పోతుందో తేల్చే విషయాల్లో రసాయనం పేరు, దాని చిక్కదనం మన చేతుల్లో లేవు. మన చేతుల్లో ఉన్నది ఒక్కటే, నీళ్లు ఎన్ని నిమిషాల్లో పడ్డాయి, ఎంతసేపు పడ్డాయి అన్నది. మొదటి పది నిమిషాల్లో కడిగిన గాయాలకూ ఆలస్యంగా కడిగిన గాయాలకూ లోతులోనూ ఆస్పత్రి రోజుల్లోనూ పెద్ద తేడా కనపడుతుంది.

కడగడానికీ ఒక పద్ధతుంది. ముందు బట్ట తీయాలి. చొక్కానో బనీనునో తల మీదుగా లాగితే భుజం మీది యాసిడ్ ముఖానికి పులిమినట్టే. గుండీలు తెంపి, కుట్టు వెంట కత్తిరించి పక్కకి తీసేయాలి. సాయం చేసేవాళ్లు తమ చేతులు కాపాడుకోవాలి. గాజులు, ఉంగరాలు, వాచీ వాపు రాకముందే తీసేయాలి. పొడి సున్నంలాంటిదైతే మొదట దులపాలి, తర్వాతే నీళ్లు, ఎందుకంటే సున్నం నీటితో కలిసి వేడెక్కుతుంది. పిడుగురాళ్ల సున్నపు బట్టీల్లో పనిచేసేవాళ్లకి ఈ సంగతి ఏ డాక్టరూ చెప్పనక్కర్లేదు. సోడియం, పొటాషియం లోహపు ముక్కలకైతే నీళ్లే పనికిరావు. మిగిలిన దాదాపు అన్నిటికీ నీళ్లే. మనిషి నిటారుగా నిలబడి భుజం మీద పోస్తే ఆ నీళ్లు చంక, నడుం, తొడ దాకా రసాయనాన్ని మోసుకుపోతాయి. గాయమైన వైపుకి ఒంగి, చెయ్యి ఒంటికి దూరంగా చాచి, నీళ్లు వేళ్ల మీదుగా నేల మీదికి పడేలా పోయాలి. చంకను విడిగా, తెరిచి కడగాలి. తొట్టిలో ముంచి కూర్చోవడం కడగడం కాదు, అది ఊరబెట్టడం.

ఎంతసేపు కడగాలి? అమెరికా ఫ్యాక్టరీలు పాటించే ప్రమాణం ప్రకారం అత్యవసర షవరు పని స్థలానికి పది సెకన్ల నడకలో ఉండాలి, నిమిషానికి సుమారు 76 లీటర్లు, 15 నిమిషాల పాటు ధార ఇవ్వాలి. లెక్క వేస్తే 1,100 లీటర్ల పైమాటే. మన పదిహేను లీటర్ల బిందెలతో అది డెబ్బై ఆరు బిందెలు. వీధి కుళాయి దగ్గర రెండు చెంబులు పోసి ఆటో ఎక్కించడానికీ దీనికీ ఎంత దూరమో చూడండి. అదీ కనీసం మాత్రమే. ఆమ్లానికి అరగంట, క్షారానికి గంటా రెండు గంటలు కడగడం మామూలు. కడగడం చాలిందో లేదో తేల్చేది పీహెచ్ కాగితం. ఆపి పది పదిహేను నిమిషాలాగి మళ్లీ చూడాలి, ఎందుకంటే లోపల దాగినది ఆ వ్యవధిలో పైకి ఊరుతుంది. భీమవరం చుట్టుపక్కల రొయ్యల రైతు చెరువు నీటికి పీహెచ్ చూడకుండా రోజు గడపడు. క్యాజువాలిటీ గదిలో ఆ కాగితం చుట్ట ఒకటి గోడకి వేలాడదీయడానికి పెద్ద బడ్జెట్టేమీ అక్కర్లేదు.

ఆమ్లం పడితే క్షారం, క్షారం పడితే ఆమ్లం పోయొచ్చు కదా అన్నది చాలా పాత ప్రశ్న. సుశ్రుత సంహిత సూత్రస్థానంలో క్షారాలు తయారుచేసే అధ్యాయం ఉంది. ఉత్తరేణి లాంటి మొక్కల బూడిద నుంచి తీసిన క్షారంతో గడ్డల్నీ మొలల్నీ కాల్చేవాళ్లు. అది అవసరానికి మించి కాలిస్తే పుల్లటి ద్రవాలు పోయమంటుంది ఆ గ్రంథం. క్షారంలోని ఉప్పదనం పులుపుతో కలిసి మాధుర్యంగా మారి తీక్ష్ణత పోతుందన్నది దాని వివరణ. రసాయన శాస్త్రం పుట్టని రోజుల్లో తటస్థీకరణను అంత స్పష్టంగా ఊహించారు. ఇరవయ్యో శతాబ్దపు వైద్య పుస్తకాలు దీన్ని గట్టిగా నిషేధించాయి: ఆమ్ల క్షారాలు కలిస్తే వేడి పుడుతుంది, ఎంత పోయాలో తెలియదు, ఆ విరుగుడు వెతకడంలోనే నిమిషాలు పోతాయి. తర్వాత ఎలుకల మీద చేసిన ప్రయోగాల్లో కాస్టిక్ సోడా గాయాన్ని 5 శాతం ఎసిటిక్ ఆమ్లంతో కడిగితే ఉత్త నీటి కంటే మెరుగ్గా మానింది. ఆమ్లాన్నీ క్షారాన్నీ కూడా పట్టుకోగల ద్రావణాలు ఫ్రాన్సు నుంచి మార్కెట్లోకి వచ్చాయి, యూరప్‌లో కొన్ని పరిశ్రమలు వాటిని వాడుతున్నాయి కూడా. కనుక నిషేధం మునుపటంత కచ్చితం కాదు. అలాగని వంటింట్లో వినిగర్ సీసా వెతకమని నేను చెప్పను. ప్రయోగశాలలో మోతాదు తెలుసు, రసాయనం పేరు తెలుసు. రోడ్డు మీద రెండూ తెలియవు, కుళాయి మాత్రం ఎక్కడుందో తెలుసు.

ఆస్పత్రిలో మొదటి ప్రశ్న చేతిలో రక్తం ఆడుతోందా అన్నది. గాయం చెయ్యి చుట్టూ తిరిగితే చచ్చిన తోలు ఎండి బిగుసుకుంటుంది, లోపల వాపు పెరుగుతుంది, మణికట్టు దగ్గర నాడి సన్నబడుతుంది. అప్పుడు ఆ తోలును నిలువునా కోసి వదులు చేస్తారు. చూసేవాళ్లకు అది కొత్త గాయంలా ఉంటుంది గానీ వేళ్లు దక్కేది దాంతోనే. ఆ తర్వాత చచ్చిన చర్మం తీసేయడం. వెనకటి రోజుల్లో అది దానంతట అది ఊడేదాకా వారాల తరబడి ఆగేవారు. నాటి యుగోస్లావియాలోని మారిబోర్ పట్టణంలో జోరా యాన్జెకోవిచ్ అనే సర్జన్ మొదటి రోజుల్లోనే చచ్చిన పొరల్ని పలచగా చెక్కి, రక్తం చెమర్చే పొర దాకా వెళ్లి, వెంటనే చర్మం అతికించే పద్ధతిని 1970లో ప్రపంచానికి చూపించింది. ఇవాళ లోతుగా కాలిన చేతికి చేసే వైద్యానికి మూలం అదే. రసాయన గాయాల్లో ఒక చిక్కుంది: ఎంత లోతుకు చచ్చిందో పైకి చూసి చెప్పడం కష్టం, తేలిగ్గా కనిపించినది నాలుగు రోజులకి పూర్తి లోతని తేలుతుంది. అతికించే చర్మం సాధారణంగా తొడ నుంచి తీస్తారు. చాలకపోతే మరణించినవాళ్లు దానం చేసిన చర్మాన్ని తాత్కాలికంగా కప్పుతారు. హైదరాబాద్ ఉస్మానియా ఆస్పత్రిలో అలాంటి స్కిన్ బ్యాంకు ఉంది. కళ్ల దానం తెలిసినంతగా చర్మదానం మన ఇళ్లలో తెలియదు.

ఇక చంక. అసలు కథంతా ఇక్కడే ఉందని నాకనిపిస్తుంది. రసాయనాలకు చంకంటే ఇష్టం. మొదటి ప్రపంచ యుద్ధంలో 1917 నుంచి వాడిన మస్టర్డ్ గ్యాస్ సైనికుల చంకల్నీ గజ్జల్నీ ఎక్కువగా కాల్చింది, కారణం అక్కడి చెమట. ఐస్ ఫ్యాక్టరీల్లో, కోస్తాలోని రొయ్యల ప్రాసెసింగ్ యూనిట్లలో, కోల్డ్ స్టోరేజీల్లో వాడే అమ్మోనియాదీ అదే దారి. నీళ్లెక్కడుంటే అక్కడికి పరుగెత్తి కాస్టిక్ ద్రావణంగా మారుతుంది. పరుగెత్తుకుని బయటికొచ్చిన కార్మికుడి కళ్లకూ గొంతుకూ చూస్తారు, చంక చూడటం మరిచిపోతారు.

గాయం మానడం మొదలయ్యాక చంక రెండో వేషం వేస్తుంది. నొప్పికి ఓర్చుకోలేక మనిషి చెయ్యి ఒంటికి ఆనించి, మోచెయ్యి మడిచి, పొట్ట మీద పెట్టుకుని పడుకుంటాడు. పక్కనున్న అమ్మో అక్కో ఆ చేతి కింద దిండు సర్ది కదపకురా నాయనా అంటుంది. ఆ ప్రేమే చేతిని కట్టేస్తుంది. కొత్త మచ్చ కణాలు లోపలికి లాక్కుంటూ కుదించుకుపోతాయి, హాయిగా ఉన్న భంగిమలోనే చెయ్యి స్థిరపడుతుంది. కొద్ది నెలల్లో ఛాతీకీ జబ్బకీ మధ్య గబ్బిలం రెక్కలాంటి తోలు సాగుతుంది. 1990లో కుర్ట్జ్‌మన్, స్టెర్న్ అనే వైద్యులు ఈ పట్టేయడాన్ని మూడు తరగతులు చేశారు: చంక ముందు మడతో వెనక మడతో ఒక్కటే పోవడం, రెండూ పోయి మధ్యలో వెంట్రుకలున్న గుంట మిగలడం, ఆ గుంటతో సహా అంతా పోవడం. చివరిదానికి మచ్చను కోసి వదిలితే చాలదు, వీపు నుంచి చర్మంతో పాటు కింది కండరాన్నో కొవ్వునో తిప్పి తేవాల్సి వస్తుంది. మోచేతికి ఇంకో బెడద ఉంది: అక్కడ కండల మధ్య కొత్తగా ఎముక పెరిగి కీలు బిగుసుకుపోవడం.

అందుకే వార్డులో మొదటి రోజు నుంచే చెయ్యిని పక్కకు చాచి, ఒంటికి లంబంగా, విమానం రెక్కలా కట్టి ఉంచాలి. మోచెయ్యి చాపి ఉండాలి. చూడ్డానికి శిక్షలా ఉంటుంది. జనరల్ వార్డులో మంచానికీ మంచానికీ మధ్య ఆ రెక్కకి చోటుండదు, వచ్చేపోయేవాళ్లకు తగులుతుంది. చర్మం అతికించాక కూడా రోజుకి 23 గంటలు బిగుతైన సాగే చొక్కా, ఏడాది పాటు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. అతికించిన చర్మానికి చెమట గ్రంథులుండవు, ఒళ్లు చల్లబడే దారి తక్కువ. రెంటచింతల మే నెల ఎండలో ఆ చొక్కా తొడుక్కోమని చెప్పడం తేలిక. విప్పి దండెం మీద వేసిన మనిషిని క్రమశిక్షణ లేదని తిట్టడం ఇంకా తేలిక. ఈ దశలో రోగి ఆస్పత్రి లెక్కల్లో ఉండడు, డిశ్చార్జి అయిపోయి ఉంటాడు. మొదటి ఆపరేషనుకి డబ్బు, బంధువులు, అంబులెన్సు అన్నీ కదిలొస్తాయి. ఆరో నెలలో ఫిజియోథెరపీకి వెళ్లడానికి బస్సు చార్జీ, ఆ రోజు కూలీ ఎవరూ లెక్కేయరు. నా అభిప్రాయంలో చేతులు పోయేది ఎక్కువగా ఇక్కడే. ఏళ్ల తరబడి మానకుండా చిట్లే మచ్చలో క్యాన్సర్ వచ్చే అవకాశం కూడా ఉంది, దానికి మార్జొలిన్ పుండని పేరు.

చట్టం శాతాల దగ్గరే ఆగిపోయింది. 2008లో వరంగల్‌లో ఇద్దరు ఇంజినీరింగ్ విద్యార్థినుల మీద జరిగిన యాసిడ్ దాడి, ఆ తర్వాత నిందితులు ముగ్గురూ పోలీసు కాల్పుల్లో చనిపోవడం తెలుగువాళ్లకు గుర్తే. చట్టంలో దీనికి విడి సెక్షన్ 2013లో గానీ రాలేదు. భారత శిక్షాస్మృతి 326ఎ కింద కనీసం పదేళ్ల జైలు, ఇప్పుడు అది భారతీయ న్యాయ సంహితలో 124వ సెక్షన్. అందులో రెండు మంచి మాటలున్నాయి. శరీరంలో ఏ భాగమైనా అంటుంది, ముఖమే అనదు. యాసిడ్ అన్నదానికి నిర్వచనంలో తినేసే గుణం, కాల్చే గుణం ఉన్న ఏ పదార్థమైనా వస్తుంది కాబట్టి కాస్టిక్ సోడా పోసినవాడు అది యాసిడ్ కాదని తప్పించుకోలేడు. అదే 2013లో సుప్రీంకోర్టు యాసిడ్ దాడి బాధితురాలు లక్ష్మి వేసిన కేసులో అమ్మకాల మీద ఆంక్షలు పెట్టి, కనీస పరిహారం 3 లక్షలుగా నిర్ణయించింది. 2018 జాతీయ న్యాయ సేవల సంస్థ పథకం దగ్గరికొచ్చేసరికి మళ్లీ పాత లెక్కే: ముఖం చెడితే 7 నుంచి 8 లక్షలు, గాయం 20 శాతం లోపైతే 3 నుంచి 4 లక్షలు. చెయ్యి ఎప్పటికీ 20 దాటదు. భుజం పైకి లేవని దర్జీ, జడ వేసుకోలేని అమ్మాయి, బస్సులో పైకడ్డీ అందుకోలేని కూలీ ముగ్గురూ కింది వరసలోనే పడతారు.

ఫ్యాక్టరీలో జరిగితే కార్మికుల పరిహార చట్టం వర్తిస్తుంది. దాని షెడ్యూలులో భుజం కీలు దగ్గర చెయ్యి తీసేస్తే సంపాదనా శక్తి 90 శాతం పోయినట్టు లెక్క. చెయ్యి ఉండి లేవకపోతే షెడ్యూలులో గడి లేదు, డాక్టరు ఎంత రాస్తే అంత. అతను చార్టు చూసి రాస్తాడా, చెయ్యి ఎత్తమని అడిగి రాస్తాడా అన్న దాని మీద ఒక కుటుంబం బతుకు ఆధారపడుతుంది. కోణం కొలిచే పరికరం చాలా చిన్నది, డ్రాయరులో పట్టేస్తుంది. ఆరోగ్యంగా ఉన్న భుజం 180 డిగ్రీల దాకా లేస్తుంది. 90 దగ్గర ఆగితే తల దువ్వుకోవడం కష్టం, 60 దగ్గర ఆగితే చొక్కా తొడుక్కోవడానికి ఇంకొకరు కావాలి.

ఫిజియోథెరపీ గదుల్లో గోడల మీద పెన్సిల్ గీతలు కనిపిస్తాయి. రోగి గోడకి పక్కగా నిలబడి వేళ్లను సాలీడులా పైకి పాకిస్తాడు, ఆగిన చోట గీత గీస్తారు, పక్కన తేదీ వేస్తారు. మర్నాడు ఇంకో గీత. కొన్ని గీతలు ఒకదాని మీద ఒకటి ముద్దగా పడి ఉంటాయి, కొన్ని బెత్తెడు ఎడంగా పైకి పోతాయి, కొన్ని మూడు నాలుగు తేదీల తర్వాత ఆగిపోతాయి.